గాలికోత

మా ఆవిడ పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు. "ఎంత జాగ్రత్తైన మనిషండీ!" నేను తల ఊపి ఊరుకున్నాను. అలాంటప్పుడు ఎవరి మాటని దిద్దుతాం? కానీ నా ఉద్యోగ జీవితమంతా ఒక ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దుతూ గడిచింది. తప్పు మాట చెవిన పడితే నా చెయ్యి దానంతటది ఎర్రకలం కోసం జేబు తడుముతుంది. అందుకే ఇప్పుడు తీరిగ్గా దిద్దుతున్నాను. ఆవిడ జాగ్రత్తైన మనిషి కాదు. ఎన్ని గొడుగులు బస్సుల్లో వదిలేసిందో, ఎన్నిసార్లు పాలు పొంగించి పొయ్యి ఆర్పిందో నాకు తెలుసు. ఆవిడది అనుమానం. మేలిమి అనుమానం. మనుషుల మీద మాత్రం కాదు, మనుషుల్ని ఇట్టే నమ్మేసేది. నన్ను చేసుకోవడమే అందుకు సాక్ష్యం. ఆవిడ అనుమానమంతా "అంతా సరిగ్గానే ఉంటుందిలే" అనే ఒక్క వాక్యం మీద.

ఆ వాక్యాన్ని ఊతపదంలా వాడే మనిషి ఆవిడకి సొంత తమ్ముడై పుట్టాడు.

వాళ్ళ నాన్న పోతూ పోతూ ఇద్దరికీ కలిపి ఒక వర్క్‌షాపు వదిలిపోయాడు. పంక్చర్లు వేసే కొట్టుకూ వెల్డింగు కొట్టుకూ మధ్య ఇరుక్కున్న పొడుగాటి రేకుల షెడ్డు. కింద మిల్లింగ్ మెషీను. పెద్ద బీరువా అంత ఉంటుంది. ముందు అద్దాల తలుపు, పక్కన మీటల పలక, ఆ పలక మీద పుట్టగొడుగులాంటి ఎర్ర బటన్. లోపల బల్లమీద లోహపు దిమ్మను బిగిస్తే, పైనుంచి గిరగిరా తిరుగుతూ కట్టర్ దిగి, అక్కర్లేనిదంతా చెక్కేసి అక్కరున్నదాన్ని మిగులుస్తుంది. అది ఆవిడ రాజ్యం. షెడ్డు వెనకవైపు చెక్కల అటక, అటక మీద కంప్యూటరు, కంప్యూటరు ముందు తమ్ముడు. తయారు కావలసిన వస్తువు బొమ్మ అతను గీస్తాడు. కట్టర్ ఎక్కడ దిగాలి, ఎటు తిరగాలి, ఎంత లోతు కోయాలి అన్న దారంతా కంప్యూటరే లెక్కకట్టి, పంక్తులు పంక్తులుగా ప్రోగ్రాం రాసిపెడుతుంది. అటకకూ నేలకూ మధ్య ఒక నిచ్చెన. దాన్ని ఎక్కిదిగే ఓపిక ఇద్దరికీ లేదు కాబట్టి సంభాషణలన్నీ కేకలే.

"పైవాడు రాసినట్టే జరుగుతుందంటారు లోకంలో," అనేది ఆవిడ అటక వైపు గడ్డం ఎత్తి. "మా షెడ్డులో అలా కుదరదు. పైవాడు రాసింది కింద నేను సరిచూశాకే జరుగుతుంది."

"రాసింది నేను కాదక్కా, కంప్యూటరు!" అని పైనుంచి కేక.

"ఇంకా మంచిది. తప్పు చేస్తే చెవి మెలేద్దామన్నా దానికి చెవుల్లేవు."

మొదట్లో ఆవిడ కూడా నమ్మింది. తమ్ముడు తెరమీద సిమ్యులేషన్ అని ఒకటి ఆడించి చూపించేవాడు. బొమ్మ కట్టర్ బొమ్మ దిమ్మను వెన్నముద్దలా చెక్కుకుంటూ పోతుంది. చివరికి తళతళలాడే వస్తువు మిగులుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చట చూసి ఒకరోజు ఆవిడ నేరుగా స్టార్ట్ నొక్కేసింది. కట్టర్ ఒక మూల నుంచి ఇంకో మూలకు పరుగెత్తుతూ, దిమ్మను పట్టి ఉంచిన బిగింపు పట్టీని గుద్దింది. వెల్డింగు కొట్టువాళ్ళు ఏదో పేలిందనుకుని రోడ్డు మీదికి పరుగెత్తారు. విరిగిన కట్టర్ ముక్క తలుపు పైసందులోంచి ఎగిరిపోయి గోడమీద క్యాలెండర్లో ఒక ఆదివారంలోకి దిగబడింది.

తమ్ముడు నిచ్చెన దిగొచ్చి తాపీగా చూశాడు. "బొమ్మలో తగల్లేదక్కా."

"బొమ్మలో బిగింపు పట్టీలేవిరా?"

"బొమ్మలో అవి పెట్టం."

"ఎందుకు పెట్టం?"

"అడ్డంగా ఉంటాయని."

ఆ జవాబును ఆవిడ చాలాకాలం దాచుకుంది. చుట్టాలొచ్చినప్పుడల్లా బయటికి తీసి వడ్డించేది.

అలా మొదలైంది గాలికోత. పద్ధతి ఆవిడ కనిపెట్టింది కాదు. ఆ పని చేసేవాళ్ళు దాన్ని డ్రై రన్ అంటారు. కొత్త ప్రోగ్రాం రాగానే, "ఇదిగో, ఇక్కడ సున్నా" అని మెషీనుకు చెప్పే అంకెను ఆవిడ బెత్తెడు పైకి జరిపేది. అప్పుడు మెషీను తన దిమ్మ బెత్తెడు ఎత్తులో ఉందని భ్రమపడి, దాని నెత్తిమీద వట్టి గాలిలో తన పనంతా చేసుకుపోతుంది. దిగుతుంది, తిరుగుతుంది, లేస్తుంది, ఏమీ కోయదు. మిగతావాళ్ళు ఈ తంతు కాసేపు చూసి చాల్లే అనుకుంటారు. ఆవిడ ఎర్ర బటన్ మీద అరచెయ్యి ఆనించి, మెడ ముందుకు చాపి, ఆసాంతం చూసేది. భోజనానికి పిలిచినా కదిలేది కాదు. నేను క్యారియర్ పట్టుకుని వెళ్ళి పక్కన నించుంటే, కన్ను తిప్పకుండా నోరు మాత్రం తెరిచేది.

"నావి గాలికోతలు, నీవి వట్టి కోతలు," అనేది తమ్ముణ్ణి. ఆ వీధిలో ఇద్దరికీ పేర్లు అలాగే స్థిరపడ్డాయి. ఆవిడ గాలికోతమ్మ, అతను కోతలబాబు. నేను గాలికోతమ్మగారి ఆయన్ని. ఉద్యోగంలో అంతకంటే పెద్ద బిరుదేదీ నాకు రాలేదు.

ఈ రోగం ఇంటికీ పాకింది. మేం బీరువా కొనుక్కుందామనుకున్నప్పుడు, ముందుగా ఆ బీరువా కొలతలకు అట్టపెట్టెలు కోసి అతికించి, ఒక అట్టబీరువా చేయించింది. దాన్ని నేనూ బావమరిదీ చెరోవైపు పట్టుకుని మెట్లెక్కించాలి. మలుపులో తిరుగుతుందో లేదో చూడాలిగా! మధ్య మెట్టు మీద అది అడ్డంపడి, అటు అతను, ఇటు నేను, నడుమ అట్ట.

"బావా, వదిలేస్తే ఏమవుతుంది?" అన్నాడతను రొప్పుతూ.

"అట్టే కదా, చిరుగుతుంది."

"అట్టనుకుని వదలకండి!" అని కిందనుంచి ఆవిడ. "బీరువా అనుకుని మొయ్యండి, బరువుగా!"

కింది వాటావాళ్ళు తలుపులు తీసుకుని వచ్చి, లేని బరువు మోస్తూ చెమటలు కక్కుతున్న ఇద్దరు మగవాళ్ళను చూసి వెళ్ళారు. తరవాత వచ్చిన అసలు బీరువా మాత్రం వెన్నలో కత్తిలా పైకి పోయింది. కాకపోతే గది తలుపు కొలత తీసుకోవడం ఎవరికీ గుర్తులేదు. ఇప్పటికీ అది వసారాలోనే ఉంది.

ప్రోగ్రాం చదవడంలో నాకూ ఒక వేషం ఇచ్చింది. మా ప్రెస్సులో ఒకరు మూలప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు అచ్చుకాగితం మీద సరిచూస్తారు. ఆ సంగతి నేను నోరుజారి చెప్పాను. సెలవురోజు వచ్చిందంటే నా చేతిలో ప్రోగ్రాం కాగితాలు, ఆవిడ చేతిలో బొమ్మ కాగితం. అందులో ఉండే భాష నాకు త్వరగానే పట్టుబడింది. జీ సున్నా అంటే పరుగు. కట్టర్ కోయకుండా ఒకచోటు నుంచి ఇంకోచోటికి రివ్వున పోవడం. జీ ఒకటి అంటే నడక. కోస్తూ నెమ్మదిగా పోవడం. జెడ్ అంటే ఎత్తూ లోతూ. ప్లస్ ఉంటే సున్నాకు పైన, మైనస్ ఉంటే కింద.

"అన్నీ చదవక్కర్లేదు," అంది ఆవిడ. "పరుగులో మైనస్ వస్తే చెప్పండి. పరుగెత్తుతూ ఎవరూ గోతిలోకి దిగకూడదు."

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టేవాణ్ణి. కవిత్వం మీద కొంచెం మమకారం ఉన్నవాణ్ణి కావడంతో, పాదాంతంలో కాస్త సాగదీసేవాణ్ణి.

"రాగం తియ్యకండీ. అంకెలు మింగేస్తున్నారు."

"బావా కవిగారూ," అని అటకమీంచి, "ఆ జెడ్ దగ్గర ఒక గమకం వెయ్యండి!"

ఇలా సాగుతున్న రోజుల్లో సరంగు వచ్చాడు.

ఆయన ఏటికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనుషుల్ని దాటించే ఇంజను పడవ నడుపుతాడు. సరంగూ ఆయనే, యజమానీ ఆయనే, తాడు విసిరేదీ ఆయనే. ఇంజను వేడెక్కకుండా ఏటి నీటిని లాగి పంపే పంపు ఒకటి ఉంటుంది. దాని ఒళ్ళు పగిలింది. ఆ ఇంజను చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. విడిభాగాలు దొరకవు. ఆయన ఎవరో పోతపోసేవాళ్ళను పట్టుకుని, పగిలిన పంపునూ, తన దగ్గరున్న పాత కంచు సామానంతా కరిగించి ఒక దిమ్మ పోయించుకొచ్చాడు. దాన్ని తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లలా రెండు చేతులమీదా మోసుకొచ్చి బల్లమీద పెట్టాడు.

"ఇదొక్కటేనమ్మా. ఇంకో దిమ్మకి నా దగ్గర కంచు లేదు, వాళ్ళ దగ్గర కొలిమీ లేదు. కొలిమి చల్లార్చేసి పక్కూరు పోతున్నారు. ఇది చెడితే పడవ ఒడ్డున కుళ్ళిపోవాల్సిందే. నేనూ దాని పక్కనే."

"చెడదు," అంది మా ఆవిడ.

"అంతా సరిగ్గానే ఉంటుందిలే," అన్నాడు తమ్ముడు.

ఆవిడ అతని వైపు చూసిన చూపుకు పాలు విరిగిపోతాయి.

సరంగు ఆరోజు నుంచి షెడ్డులోనే తిష్టవేశాడు. పడవ లేని సరంగు ఏం చేస్తాడు? సామాను బిగించి పట్టే వైస్ పక్కన స్టూలు వేసుకుని కూచునేవాడు. కరిగించకముందే సరంగు పంపిన పగిలిన పంపు ముక్కల్ని తమ్ముడు కొలిచి పెట్టుకున్నాడు కాబట్టి బొమ్మ తయారైంది. కంప్యూటరు దారి లెక్కకట్టింది. నేను చదివాను. పరుగులో మైనస్ ఎక్కడా లేదు. ఆవిడ దిమ్మను బిగించి, బిగింపు పట్టీల ఎత్తు ఒకటికి రెండుసార్లు చూసుకుని, పైకి కేకేసింది.

"ఒరే, సున్నా ఎక్కడ?"

"పైన!"

"పైనేనా?"

"పైనే అక్కా!"

ఆవిడ కట్టర్ కొసను దిమ్మ నెత్తికి ఆనించి, అది సున్నా అని మెషీనుకు చెప్పింది. బెత్తెడు పైకి జరిపింది. గాలికోత మొదలైంది.

సరంగుకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన ఊపిరి బిగబట్టి, కట్టర్ దిగినప్పుడల్లా కళ్ళు మూసుకుని, లేచినప్పుడల్లా తెరుస్తున్నాడు. చాలాసేపటికి ధైర్యం చేసి దగ్గరికొచ్చి అద్దంలోంచి చూశాడు. దిమ్మ మీద గీత కూడా పడలేదు.

"ఏమ్మా, కత్తికి పదును లేదా?"

"గాలి కోస్తున్నాను బాబాయ్."

"గాలి కొయ్యడానికి నా కంచెందుకమ్మా మధ్యలో?"

గాలికోత ముగిసింది. ఏ పట్టీకీ తగల్లేదు, ఎక్కడా దారి తప్పలేదు. ఆవిడ బెత్తెడు తీసేసింది. తెరమీద ఆ అంకె ఉండాల్సినచోట సున్నా కనబడేదాకా చూసి, తలుపు మూసి, మెషీను వెనక గొట్టాలు ఒకసారి చూసొచ్చి, స్టార్ట్ నొక్కింది. కోత వేడెక్కకుండా పోసే కూలెంటు పాలధారలా దిమ్మ మీద పడింది. కట్టర్ దిగింది. నడక మొదలుపెట్టింది.

చప్పుడు లేదు.

కంచు కోస్తే షెడ్డంతా మోగాలి. గలగలమని పొట్టు రాలాలి. కట్టర్ మాత్రం ఉత్త తిరుగుడు తిరుగుతూ, దిమ్మ నెత్తిమీద చీపురు తగలకుండా ఊడ్చినట్టు అటూ ఇటూ పోతోంది.

"ఇది కూడా గాలేనా?" అన్నాడు సరంగు.

ఆవిడ మెషీను ఆపింది. మొహం ఎర్రబడింది. అప్పటికే నిచ్చెన మీద చెప్పుల చప్పుడు.

"బెత్తెడు తియ్యడం మర్చిపోయావ్ కదక్కా?" తమ్ముడి గొంతులో పండగ.

"తీశాను."

"మర్చిపోయావ్. అందరికీ జరుగుద్దిలే, ఏం ఫర్వాలేదు."

"తీశాన్రా. చూడు. తెరమీద చూడు. తీసినదాన్ని మళ్ళీ తీస్తే కట్టర్ పోయి దిమ్మ కడుపులో దిగుతుంది."

అతను తెర చూశాడు. సున్నా ఉంది. పండగ కాస్త తగ్గింది. తలుపు తీసి, వంగి, కట్టర్ కొసకూ దిమ్మకూ మధ్య సందులోంచి చూశాడు. వేలు దూరేంత ఉంది.

"అయితే ఆ సందంత దించెయ్. తగుల్తుంది, అయిపోద్ది."

"అదేనమ్మా, దించెయ్," అని సరంగు కూడా అందుకున్నాడు. "కొంచెం అటో ఇటో. ఏమంత కొంప మునిగిపోద్ది?"

"నీ పడవ అడుగున చిల్లు కొంచెం అటో ఇటో పడితే ఏమవుద్ది బాబాయ్?"

సరంగు స్టూలు మీద కూచున్నాడు.

"తగల్లేదు కాబట్టి దించుదాం అంటున్నారు," అంది ఆవిడ. "దించితే తగుల్తుంది, కోస్తుంది కూడా. చూడ్డానికి బానే ఉంటుంది. కానీ ఎందుకు తగల్లేదో తెలీకుండా దించితే ఎంత తేడాతో కోస్తున్నామో తెలీదు. ఆ తేడా పంపు అడుగు మందంలోకి పోతుంది. మూత కూచోదు. నీళ్ళు లాగదు. అప్పుడు ఈయన దిమ్మ పోయినట్టే. పంపులా కనబడే దిమ్మ మిగుల్తుంది, అంతే."

"అయితే ఏం చేద్దాం? చూస్తూ కూచుందామా?"

"సున్నా ఎక్కడ పెట్టమన్నావ్?"

"పైన."

"నేనెక్కడ పెట్టాను?"

"పైన."

"మరింకేం?"

"మరింకేం!"

ఇద్దరూ ఒకటే మాట అంటూ ఒకళ్ళనొకళ్ళు కొట్టేసేలా చూసుకోవడం నేను మా ప్రెస్సులో కూడా చూడలేదు. తగువంటే చెరో మాట ఉండాలి కదా!

ఆవిడ ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "ఏమండీ, ఆ కాగితం ఏదీ? మొదటి పంక్తులు చదవండి. కోత మొదలయ్యే దగ్గర. రాగం వద్దు."

చదివాను. "జీ ఒకటి. జెడ్ ప్లస్..."

"ఆగండి. ప్లస్సా?"

"ప్లస్సే."

"నడకలో ప్లస్సా?"

"నువ్వు పరుగులో మైనస్ చెప్పమన్నావు. నడకలో ప్లస్ సంగతి అడగలేదు."

"అడగలేదు," అంది ఆవిడ నెమ్మదిగా. "నడకంటే కోత. ప్లస్ అంటే సున్నాకి పైన. సున్నాకి పైన కోస్తోందంటే, సున్నాకి పైన కంచు ఉందని దాని నమ్మకం. ఒరే, సుద్దముక్క తే."

తమ్ముడి చేతిలో సుద్దముక్క పెట్టి నేలమీద గియ్యమంది. అతను మోకాళ్ళమీద కూచుని పంపు గీశాడు. గుండ్రటి నోరు, పక్కన గొట్టం, మూత కూచునే అంచు, అన్నీ ఉన్నాయి. దాని నెత్తిన ఒక సున్నా పెట్టాడు. ఆవిడ సుద్దముక్క లాక్కుని పక్కనే వంకరటింకర చతురస్రం గీసింది. దాని నెత్తిన ఇంకో సున్నా.

సరంగు రెండింటినీ మార్చి మార్చి చూశాడు. "ఇందులో నాదేదమ్మా?"

"రెండూ నీవే బాబాయ్. వాడు గీసింది నీ పంపు. నేను గీసింది నీ దిమ్మ." ఆవిడ చతురస్రం లోపల పంపు ఎక్కడుంటుందో వేలితో చూపించింది. దిమ్మ నెత్తికీ పంపు నెత్తికీ మధ్య బొటనవేలి మందం కంచు అదనంగా ఉంది. పోత పోసేవాళ్ళు చెక్కుడుకని వదిలింది. ముందు దాన్ని పొరలు పొరలుగా ఒలిచి, ఆ తరవాత పంపు మొదలవ్వాలి. కంప్యూటరు ఆ పొరలే ఒలుస్తోంది, ఉన్నాయనుకున్నచోట. ఆవిడ పెట్టిన సున్నా వల్ల అక్కడ గాలి ఉంది.

తెలిసింది కదా, ఇక పని మొదలుపెడతారనుకున్నాను. అసలు తగువు అప్పుడు మొదలైంది.

"పైన అంటే పంపు పైనే కదక్కా! మనం చేసేది పంపు!"

"పంపెక్కడుందిరా? నా చేతికి తగిలేది దిమ్మ. పైన అంటే దిమ్మ పైన!"

"దిమ్మ పైనైతే దిమ్మ పైన అని చెప్పేవాణ్ణిగా!"

"పంపు పైనైతే పంపు పైన అని చెప్పాలిగా! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట. పుట్టని పంపుకి నెత్తిమీద సున్నా!"

"మరి నీ గాలికోత ఏం చేసింది? ఆసాంతం చూశావుగా, ఎర్ర బటన్ మీద చెయ్యేసుకుని, పోలీసులా!"

అది న్యాయమైన దెబ్బ. దిమ్మకు బెత్తెడు పైన తిరగాల్సిన కట్టర్ బెత్తెడున్నర పైన తిరిగినా గాలి ఏమీ ఫిర్యాదు చేయదు. దారి సరైనదో కాదో గాలికోత చెప్పింది. ఆ దారి ఎక్కడ మొదలవుతోందో చెప్పలేదు. దిద్దాల్సిన తప్పును గాలికోత కంటికి కనబడకుండా చేసింది ఆ బెత్తెడే. నా వృత్తిలోనూ ఇలాంటివుంటాయి. మాటలో అచ్చుతప్పు ఉండదు, చదివినవాళ్ళిద్దరూ ఒప్పే అంటారు, అర్థం మాత్రం చెరొకటి. దానికి ఎర్రకలం లేదు.

"నాదీ తప్పే," అంది ఆవిడ. ఇంటి చరిత్రలో నేను ఆ మాట అదే మొదటిసారి వినడం, అందుకే దాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. వెంటనే చేర్చింది, "నీది ముందు."

"సగం సగం."

"నీది ముప్పాతిక."

"అమ్మా," అన్నాడు సరంగు, "ఆ పాతిక నా మీద వేసుకుంటాను. పని మొదలెట్టండి తల్లీ."

ఆవిడ బొమ్మ కాగితంలో అదనపు మందం ఎంతో చూసింది. తమ్ముడు కంప్యూటర్లో చూసి పైనుంచి అంకె కేకేశాడు. రెండూ ఒకటే అయ్యాయి. అయినా ఆవిడ లోతుగేజీ పెట్టి దిమ్మను కొలిచింది. తమ్ముడు దిగివచ్చి, ఆవిడ కొలిచినదాన్నే తనూ కొలిచాడు. అప్పుడు సున్నా సరిగ్గా అంత కిందికి జరిపారు.

"ఇప్పుడు?" అన్నాడు సరంగు ఆశగా.

"ఇప్పుడు మళ్ళీ గాలికోత."

ఆయన మొహం చూసి నాకే జాలేసింది. ఈసారి ఆవిడ తెలివిగా, గాల్లో తిరిగే కట్టర్‌ని మొదటి పొర దగ్గర ఆపి, దాని కొసనుంచి దిమ్మ దాకా స్కేలు పెట్టి చూసింది. గాలికి మందం ఉండదు కాబట్టి దానికి తనే మందం కట్టింది. సరిపోయింది. బెత్తెడు తీసింది. స్టార్ట్ మీద వేలు పెట్టి, తమ్ముణ్ణి పిలిచింది.

"నువ్వు కూడా వెయ్యరా వేలు. ఏమైనా ఐతే ఇద్దరం."

అతను వేలు వేశాడు. ఇద్దరూ కలిసి నొక్కారు.

షెడ్డు మోగింది. బంగారు రంగు పొట్టు చిమ్ముకుంటూ అద్దానికి కొట్టుకుంది. ఆ మోతకు ఇటు పంక్చర్ల అతనూ, అటు వెల్డింగు అతనూ గుమ్మంలోకొచ్చి నించున్నారు. సరంగు లేచి నించున్నాడు. మళ్ళీ కూచోలేదు. పొరలు ఒలుచుకుపోయి, నోరు తెరుచుకుని, గొట్టం రంధ్రం పడి, చివరికి కూలెంటు ఆగి తలుపు తీసేసరికి, సుద్దతో నేలమీద గీసిందే అక్కడ మెరుస్తూ కూచుంది. సరంగు ఆనందం పట్టలేక కిందరాలిన పొట్టు గుప్పెట్లోకి తీసుకుని, వేడికి కెవ్వుమని దాన్ని గాల్లోకి విసిరాడు.

అక్క కొలిచింది. తమ్ముడు కొలిచాడు. ఒకరి గేజీ ఒకరు లాక్కుని మళ్ళీ కొలిచారు. మూత పెడితే నిట్టూర్చినట్టు కూచుంది. సరంగు దాన్ని తువ్వాల్లో చుట్టుకుని, దణ్ణాలు పెట్టడానికి చేతులు ఖాళీ లేక, తలతోనే పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ షెడ్డులో ఇప్పుడు బావమరిది ఒక్కడే. పైన గీసి, కిందకి దిగి, తనే నడుపుకుంటున్నాడు. మొన్న వెళితే అటక మీంచి "సున్నా ఎక్కడ?" అని ఒక కేక వినబడింది. షెడ్డులో ఇంకెవరూ లేరు. నన్ను చూసి సిగ్గుపడి, "అలవాటు బావా," అన్నాడు. నేను కింద నించుని, "పంపు పైనా, దిమ్మ పైనా?" అన్నాను. ఇద్దరం టీకి బయటికి వెళ్ళిపోయాం.

ఆ రోజుల్లో, పంపు బిగించాక సరంగు కబురు పెట్టాడు. మొదటి ప్రయాణం మీ ముగ్గురితోనే, ఇంకెవర్నీ ఎక్కించను అని. మేం రేవుకు వెళ్ళేసరికి పడవకు రంగు వేసి ఉంది. బావమరిది రేవు మెట్ల దాకా వచ్చి, కడుపులో ఏదో తిప్పుతోందన్నాడు.

"సిమ్యులేషన్‌లో బానే ఉందా పడవ?" అంది అక్క.

"నాకు నిజంగానే బాలేదక్కా. మీరెళ్ళండి. అంతా సరిగ్గానే ఉంటుందిలే." అని మెట్టుమీద చతికిలబడ్డాడు. తన పంపు మీద అతనికి ఎంత నమ్మకమో ఆ కూచున్న తీరే చెప్పింది.

ఆవిడకి ఈత రాదు. నాకూ రాదు. ఏదైనా తేడా వస్తే ఎవరు ఎవర్ని కాపాడాలో తేల్చుకోవడానికి కూడా పనికిరాని జంట మాది. అయినా ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నా భుజం పట్టుకుని పడవలోకి దిగింది. ముందువైపు మెత్త వేసిన బల్ల ఉంటే అటు వెళ్ళకుండా, వెనక ఇంజను పెట్టె పక్కన చెక్కమీద కూచుని దానిమీద చెయ్యి వేసింది. సరంగు ఇంజను తిప్పాడు. అది దగ్గింది, ఉమ్మింది, అందుకుంది. పంపు లాగిన నీళ్ళు బయటికొచ్చే, పడవ పక్కనున్న చిన్న గొట్టంలోంచి ముందు నాలుగు చుక్కలు, తరవాత తాడంత ధార, ఏటిలోకి తెగకుండా పడసాగింది.

ఒడ్డు దూరమైంది. మెట్టుమీద బావమరిది లేచి నించుని రెండు చేతులూ ఊపుతున్నాడు. ఏటి మధ్య గాలి చల్లగా ఉంది. నీళ్ళమీద ఎండ ముక్కలు ముక్కలుగా పడి ఉంది. మా ఆవిడ ఆ ధారనే చూస్తోంది. నేను ఆవిణ్ణి చూస్తున్నాను.

"ఏరు ఎంత బావుందో కదండీ," అంది, ఏటి వైపు ఒక్కసారి కూడా తల తిప్పకుండా.